సొట్ట గరిటె

సోమవారం భోజనాల గంట మోగిన ఐదు నిమిషాలకి, వరసలో నాలుగోవాడుగా వచ్చిన లేతు మిషను పనివాడు కూర పోయించుకున్నాడు గాని ప్లేటు వెనక్కి తీసుకోలేదు.

"ఇంకాస్త పొయ్యి, చిన్నక్కా."

"మనిషికో గరిటె అన్నా. నీకొక పద్ధతి, ఇంకొకరికి ఇంకో పద్ధతీనా?"

"ఆ బల్ల దగ్గర కూడా మనిషికి ఒకటే." అతను గడ్డంతో పక్క వరస వైపు చూపించాడు. అక్కడ ఇంకో వడ్డనవాడు, బక్కాయన, కంపెనీ గరిటెతో వడ్డిస్తున్నాడు. "వాడి ఒకటి వేరు, నీ ఒకటి వేరు. వెంట్రుకవాసి తేడా పట్టుకోవడమే నా ఉద్యోగం. నా కళ్ళకి కథలు చెప్పకు."

"కళ్ళు బాగానే ఉన్నాయి. పొట్టే పెరిగింది," అంది చిన్నక్క.

వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. లేతాయన నవ్వలేదు. ప్లేటు పట్టుకుని తినే బల్లల వైపు కాకుండా, గాజు తలుపు గదిలోకి వెళ్ళాడు. అది క్యాంటీన్ సూపర్‌వైజరు గది.

చిన్నక్క వడ్డన ఆపలేదు. గరిటెని గుండిగ అడుగుదాకా దించి ఒక తిప్పు తిప్పితేగాని చిక్కుడు గింజలు పైకి రావు. పైకి లాగి, గరిటె వీపుని అంచుకి ఒకసారి రాసి, ప్లేటులో వంచాలి. ఈ పద్ధతి తల్లి నేర్పింది. తల్లి ఇదే బల్ల వెనక ముప్పై ఏళ్ళు నిలబడింది. కార్ఖానా అంతా ఆమెని పెద్దక్క అనేది. ఆమె పోయాక ఉద్యోగం, గరిటె కూతురికి వచ్చాయి. నలభై రెండేళ్ళ మనిషి వాళ్ళకి చిన్నక్క అయింది.

ఇత్తడి గరిటె అది. పిడి మీద తల్లి బొటనవేలు ఆనిన చోట లోహం అరిగి పల్లం పడింది. చిన్నక్క వేలు అందులో సరిగ్గా కూర్చుంటుంది. అడుగున ఒక సొట్ట ఉంది. బయటినుంచి చూస్తే గుంట, లోపలినుంచి చూస్తే గుట్ట. చిన్నప్పుడు ఎలా పడిందమ్మా అని అడిగితే, "పని చేసే గరిటెకి సొట్టలు పడవా" అనేది తల్లి. తల్లి సామాను పంచుకున్న రోజు అన్నయ్య బీరువా, గోడ గడియారం తీసుకున్నాడు. చిన్నక్క గరిటె చాలంది. వదిన నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చివర్న మూటలవాళ్ళు వచ్చారు. లారీల్లోంచి మూటలు దించే ఆడవాళ్ళు, ముప్పై అయిదు మంది. రొట్టెలు వాళ్ళవే, కూర మాత్రం క్యాంటీన్‌ది అని వాళ్ళకి ఒప్పందం. కార్ఖానావాళ్ళు తిని లేచాకగాని వాళ్ళని లోపలికి రానివ్వరు. అప్పటికి బక్కాయన గుండిగ బోర్లించి ఉంటుంది. అందుకని నేరుగా చిన్నక్క వరసలోకే వస్తారు. ఆఖరి మూటలామె ప్లేటులో గరిటె వంచేసరికి గుండిగ అడుగు కనిపించింది. ఏ రోజైనా అంతే. అక్కడికి సరిపోతుంది. పెద్దక్క చేతిలో ఏదో ఉందని, అది కూతురికీ వచ్చిందని అందరూ అనేవాళ్ళు. చిన్నక్కా అదే అనుకునేది.

ఆమె గరిటె కడుగుతుంటే సూపర్‌వైజరు వచ్చాడు. చేతిలో చెంబు, కంపెనీ గరిటె. వెనక లేతాయన.

సూపర్‌వైజరు కంపెనీ గరిటెతో బకెట్‌లో నీళ్ళు ముంచి చెంబులో పోశాడు. నాలుగు గరిటెలకి చెంబు నిండింది. నీళ్ళు ఒలకబోసి, ఆమె చేతిలోంచి ఇత్తడి గరిటె తీసుకున్నాడు. నాలుగు పోశాడు. చెంబు నిండలేదు. ఐదోది పోస్తే నిండింది.

"చూశారా సార్," అన్నాడు లేతాయన.

"ఐదు ప్లేట్లకి ఒక ప్లేటు నొక్కేస్తున్నావన్నమాట," అన్నాడు సూపర్‌వైజరు. "నీ వరసలో నూట యాభై మంది. రోజుకి ముప్పై మంది కూర. ఎటు పోతోంది?"

"ఎటూ పోవడంలేదు సార్. అందరికీ పెట్టేసరికి గుండిగ ఖాళీ అవుతోంది. మీరే చూడండి."

"అందరికీ సరిపడా సరుకు గిడ్డంగినుంచి వస్తోంది. కార్ఖానావాళ్ళకీ, మూటలవాళ్ళకీ. సరుకుల పట్టీలో రాసి ఉంది. నిండు గరిటెకి సరిపడా వస్తుంటే, నువ్వు వెలితి గరిటె పోస్తుంటే, మిగలాలి కదా?"

చిన్నక్క వంటమేస్త్రీ వైపు చూసింది. పెద్దక్కతో కలిసి పనిచేసినవాడు ఆయన. పొయ్యి దగ్గర కూర్చుని రేపటికి ఉల్లిపాయలు తరుగుతున్నాడు. రేపు కార్ఖానాకి సెలవు, తరిగినా వండే పనిలేదు. ఆయన తల ఎత్తలేదు.

"ఆ గరిటె మా అమ్మది సార్. ఇలాగే వచ్చింది నాకు."

"అదే కాగితం మీద రాసివ్వు. సొట్ట నువ్వు పెట్టలేదు, మీ అమ్మ పెట్టింది, మిగిలిన కూర మీ అమ్మ తీసుకునేది అని. రాస్తే ఉద్యోగం ఉంటుంది. గరిటె కూడా నీకే ఇచ్చేస్తాను. రాయకపోతే రెండూ ఉండవు." గరిటెని చంకలో పెట్టుకున్నాడు. "బుధవారం పొద్దున్న ఎనిమిదింటికి రా."

మంగళవారం ఆమె అన్నయ్య ఇంటికి వెళ్ళింది. అన్నయ్య గడప దగ్గర కూర్చుని చెప్పులకి మేకులు కొట్టుకుంటున్నాడు. లోపల గోడ మీద తల్లి గడియారం ఉంది. లోలకం లేదు.

"తీసేసి బ్యాటరీ పెట్టించాం," అంది వదిన, ఆమె చూపు గమనించి. "అరగంటకోసారి గంట కొడుతుంటే మీ అన్నయ్యకి తలనొప్పి."

చిన్నక్క జరిగింది చెప్పింది. అన్నయ్య మేకు మీద నాలుగు దెబ్బలు కొట్టాడు.

"అమ్మ దొంగతనం చేసేదా అన్నయ్యా?"

"చేస్తే బాగుండేది." అతను నోట్లోంచి ఇంకో మేకు తీశాడు. "ముప్పై ఏళ్ళు వంటశాలలో పని. ఒక్కరోజంటే ఒక్కరోజు ఒక రొట్టె ముక్క మూటగట్టి తెచ్చిందా మనకి? పక్కింటి బేకరీ వాడి పిల్లలు బిస్కెట్లు తింటుంటే మనం కిటికీలోంచి చూసేవాళ్ళం. ఖాళీ చేతులు ఊపుకుంటూ వచ్చేది మహాతల్లి. ఇంటికొచ్చి గంజి కాచేది. నువ్వు మర్చిపోయావేమో గాని నేను మర్చిపోలేదు."

"మరి దొంగ అని సంతకం ఎలా పెట్టను?"

"చేత్తో పెట్టు." వదిన కిసుక్కున నవ్వింది. అన్నయ్య నవ్వలేదు. "చచ్చినవాళ్ళకి ఉద్యోగం పోదే. నీకు పోతుంది. పోతే నీ పిల్లల్ని తీసుకుని ఇక్కడికేగా వస్తావు? ఇక్కడ ఉన్నవి రెండు గదులు."

"నేనెప్పుడైనా వచ్చి మీ మీద పడ్డానా?"

"పడకముందే చెబుతున్నా."

చిన్నక్క గడప అంచుని గోటితో గీసింది. "గరిటె తిరిగి ఇస్తానన్నాడు," అంది.

"ఇంకేం మరి. అమ్మ గుర్తు నీ దగ్గరే ఉంటుంది."

బుధవారం పొద్దున్న ఎనిమిదింటికి కాగితం టైపు చేసి ఉంది. చిన్నక్క నిలబడి రెండుసార్లు చదివింది. తన తల్లి వడ్డన గరిటెకి సొట్ట పెట్టి, కొలత తగ్గించి, కార్మికుల కూర దొంగిలించేదని, అది తనకు తెలుసునని అందులో ఉంది.

"నాకు తెలియదు సార్. తెలుసు అని రాశారు."

"తెలియకపోతే సొట్ట నువ్వే పెట్టినట్టు. రెండో కాగితం కూడా టైపు చేయించాను. ఏది కావాలి?"

గరిటె బల్ల మీదే ఉంది. ఆమె దాన్ని చూసి సంతకం పెట్టింది. చెయ్యి చాపితే సూపర్‌వైజరు గరిటెని పక్కకి జరిపాడు.

"భోజనాల వేళకి ఇస్తాను. కంగారు పడకు."

కాగితం తీసుకుని తనే హాల్లోకి వెళ్ళాడు. నోటీసు బోర్డు మీద ఖాళీ లేదు. బోర్డు పక్కన గోడ మీద పెద్దక్క ఫొటో ఉంది, ఆమె పనిలో చేరి ముప్పై ఏళ్ళయిన రోజు కార్మికులు తీయించింది. గరిటె పట్టుకుని, ఫొటోగ్రాఫరు నవ్వమన్నా నవ్వకుండా నిలబడింది. సూపర్‌వైజరు ఫొటోని దించి గోడకి ఆనించి కింద పెట్టాడు. ఆ మేకుకి కాగితం గుచ్చాడు.

పదకొండున్నరకి లేతాయన వంటశాల గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో కాగితంలో చుట్టిన వస్తువు. విప్పాడు.

"చూసుకో చిన్నక్కా. అద్దంలా చేశాను."

సొట్ట లేదు. అచ్చులో పెట్టి వెనక్కి కొట్టి, లోపలా బయటా పాలిష్ పట్టాడు. గుండ్రంగా, కొత్త గరిటెలా ఉంది. చిన్నక్క పిడి పట్టుకుంది. బొటనవేలు జారింది.

"పిడి దగ్గర కూడా అరిగి పల్లం పడింది. అది కూడా నింపి సమం చేశాను. పైసా అడగను. మనసులో ఏమీ పెట్టుకోకు. కడుపుకి సంబంధించిన విషయం కాబట్టి అడిగాను, అంతే. నీమీద నాకు కోపమేంటి?"

ఆమె ఏదైనా అంటుందేమోనని అతను నిలబడ్డాడు. ఆమె గరిటెని బల్ల మీద పెట్టింది. సూపర్‌వైజరు చెంబు తెచ్చి నీళ్ళు కొలిచాడు. నాలుగు పోస్తే నిండింది.

ఆ రోజు వరసలో మొదటివాళ్ళు ప్లేట్లలోకి చూసుకుని ఈలలు వేశారు. "ఇదీ వడ్డనంటే" అన్నాడొకడు. "ముప్పై ఏళ్ళ కూర బాకీ ఉంది, అది కూడా పొయ్యి" అన్నాడు ఇంకొకడు. బోర్డు దగ్గర నలుగురైదుగురు గుమిగూడి కాగితం చదువుతున్నారు. చదవలేనివాళ్ళకి ఒకడు పైకి చదివి వినిపిస్తున్నాడు. చిన్నక్క తల వంచుకుని అడుగుదాకా దించి, తిప్పి, పైకి లాగి, వంచింది. వంద మంది అయ్యేసరికి గుండిగలో గరిటె అడుగుకి తగిలింది. ఆ చప్పుడు ఆమె ఆ వేళకి ఎప్పుడూ వినలేదు. గుండిగని పక్కకి వంచి పెట్టుకుంది.

మూటలవాళ్ళు వచ్చారు. మొదటి ఇద్దరికీ పోసింది. మూడో ఆమె ప్లేటు చాపింది. గరిటె గీరిన చప్పుడు వచ్చింది. కూర రాలేదు.

"అయిపోయింది," అంది చిన్నక్క.

"అయిపోవడమేంటి?"

"అయిపోయింది."

తలకి తువ్వాలు చుట్టుకున్న పెద్ద మూటలామె వెనకనుంచి ముందుకు వచ్చింది. గుండిగలోకి తొంగి చూసింది. తర్వాత చిన్నక్క మొహంలోకి చూసింది.

"గుమ్మంలో చదివి వినిపించారులే. ముప్పై ఏళ్ళు అమ్మ మింగింది, ఇప్పుడు కూతురు గుండిగే మింగేసిందా?"

"నేను తీయలేదు. అందరికీ నిండుగా పెట్టాను, అంతే."

"మేం అందరిలో లేమా?"

వెనక ఎవరో ప్లేటుని బల్ల మీదకి విసిరారు. ముప్పై ముగ్గురూ బయటికి వెళ్ళారు. వంటశాల కిటికీలోంచి పంపు కనిపిస్తుంది. ఒకామె ఎండు రొట్టెని పంపు కింద పట్టి తడిపి, నిలబడే తింటోంది. మిగిలినవాళ్ళు తమ వంతుకి నిలబడ్డారు.

మధ్యాహ్నం గుండిగలు తోముతున్నప్పుడు వంటమేస్త్రీ ఆమె పక్కన వచ్చి కూర్చున్నాడు. పీచు తీసుకుని గుండిగ లోపల రుద్దడం మొదలుపెట్టాడు. ఆ పని ఆయనది కాదు.

"మూటలవాళ్ళకి సరుకు రాదమ్మా," అన్నాడు. "ఏనాడూ రాలేదు. పట్టీలో రాస్తారు. గిడ్డంగి గుమ్మం దాటదు. మధ్యలో తినేవాళ్ళు తింటారు."

చిన్నక్క చేతులు ఆగిపోయాయి.

"వాళ్ళు కొత్తగా వచ్చినప్పుడు మీ అమ్మ నెల రోజులు చూసింది. రోజూ ఇలాగే, ఆ పంపు దగ్గర. పై వాళ్ళని అడిగింది. కసిరారు. అప్పుడు గరిటె పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. తను పట్టుకుంది, నేను రోకలితో కొట్టాను. మూడు దెబ్బలు. చెంబుతో నీళ్ళు పోసి కొలుచుకుంది. ఇంకొకటి కొట్టు తమ్ముడూ అంది. కొట్టాను. సరిగ్గా ఐదోవంతు." పీచు పక్కన పెట్టాడు. "కార్ఖానావాళ్ళ నోట్లోంచి చిటికెడు చిటికెడు తీసి వీళ్ళకి పెట్టింది. తను ఒక చుక్క ముట్టలేదు. పిల్లలకి తెచ్చుకుంటే నిజంగా దొంగనే అవుతాను అనేది."

"సోమవారం నువ్వు ఇక్కడే ఉన్నావు మావయ్యా."

"ఉన్నాను."

"ఉల్లిపాయలు తరుగుతున్నావు."

"నాకింకా రెండేళ్ళు సర్వీసుంది," అన్నాడు వంటమేస్త్రీ. "ఆ రోకలి దెబ్బ నాదే కదా. అడిగితే ఏం చెప్పను?"

"రాసిచ్చేముందు నాకొక్కదానికైనా చెప్పాల్సింది."

"చెప్తే నువ్వు సంతకం పెట్టేదానివి కాదు. ఉద్యోగం పోయేది. పైకి పోయాక మీ అమ్మ చేత మాట పడేదెవరు?"

ఆమె లేచింది. చేతులకి బూడిద ఉంది. కడుక్కోకుండానే గాజు తలుపు తోసింది.

"మూటలవాళ్ళకి ఇవాళ కూర అందలేదు సార్. వాళ్ళ సరుకు రావడంలేదు. అమ్మ సొట్ట పెట్టింది వాళ్ళకోసం. నా కాగితం నాకిచ్చేయండి."

సూపర్‌వైజరు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆశ్చర్యపోలేదు. ఈ సంగతి అతనికి ముందే తెలుసని ఆమెకి అప్పుడు అర్థమైంది.

"ఇవాళ నా దగ్గరికి ఒక్క ఫిర్యాదు రాలేదు," అన్నాడు. "కార్ఖానా అంతా కడుపునిండా తింది. మూటలవాళ్ళు ఈ గదిలోకి రారు, వాళ్ళ మేస్త్రీ రానివ్వడు. ఇక కాగితం సంగతి. నకలు పైకి వెళ్ళింది. అందులో సంతకం నీదే, నాది కాదు. సరుకు విషయం నీ నోటివెంట ఇంకోసారి వినిపిస్తే రెండో కాగితం కూడా మేకుకి గుచ్చుతాను. వెళ్ళు. తలుపు వేసి వెళ్ళు."

ఆమె వంటశాలలోకి వచ్చి రోకలి తీసింది. గరిటెని రోటి అంచు మీద బోర్లించింది. వంటమేస్త్రీ వచ్చి రోకలి పట్టుకున్నాడు.

"వద్దు. ఇకనుంచి రోజూ పొద్దున్నే నీళ్ళు పోసి కొలుస్తానన్నాడు సూపర్‌వైజరు. కొట్టిన మరునాడే నువ్వు బయట ఉంటావు. అప్పుడు ఆ బల్ల దగ్గర ఎవరుంటారు? ఇంకో బక్కాయన."

ఆమె రోకలి వదిలేసింది. బకెట్ ముందు కూర్చుని, గరిటెతో నీళ్ళు ముంచి, పైకి లేపి, మణికట్టు కొంచెం లోపలికి వంచింది. నీళ్ళు అంచుమీదినుంచి జారాయి. మిగిలినవి చెంబులో పోసింది. మొదటిసారి ఆరు పట్టాయి. తర్వాత నాలుగున్నర. సాయంత్రం ఆరుదాకా అదే పని చేసింది. వంటమేస్త్రీ పొయ్యిలు ఆర్పి వెళ్ళేటప్పటికి, కళ్ళు మూసుకుని పోసినా ఐదుకి చెంబు నిండుతోంది.

గురువారం పొద్దున్న సూపర్‌వైజరు గరిటె కొలిచాడు. నాలుగుకి నిండింది. తల ఊపి వెళ్ళాడు.

గంట మోగింది. అడుగుదాకా దించింది, తిప్పింది, పైకి లాగింది, అంచు దగ్గర మణికట్టు వంచింది. కూర గుండిగలోకి జారింది. మిగిలింది ప్లేటులో పడింది. మొదటి నలుగురు చూసుకోకుండా వెళ్ళిపోయారు. ఐదోవాడు లేతాయన.

అతను ప్లేటులోకి చూశాడు, ఆమె చేతిని చూశాడు. "రాత్రికి రాత్రే సొట్ట మణికట్టుకి పాకిందేం?"

వరస గొల్లుమంది.

"గరిటె నువ్వే చేశావు కదా. సరిగ్గానే ఉంది," అంది చిన్నక్క.

"గరిటె సరిగ్గానే ఉంది. పట్టుకున్న చెయ్యే దొంగ చెయ్యి. రక్తంలో ఉంటే ఏ పాలిష్ పట్టినా పోదు." అతను వెనక్కి తిరిగి అందరికీ వినపడేలా అన్నాడు. "చూశారా? సొంత తల్లిని దొంగని రాసిచ్చి రెండ్రోజులు కాలేదు."

"తర్వాతివాళ్ళు రండి," అంది చిన్నక్క.

అతను గాజు తలుపు వైపు వెళ్ళాడు. సూపర్‌వైజరు వచ్చి ఆమె భుజం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె నిండు గరిటె పోసింది. ఇంకొకటి నిండుగా పోసింది. అతను అక్కడే ఉన్నాడు. పదకొండు నిండు గరిటెలు వెళ్ళాయి. ఫోను మోగితే అతను లోపలికి వెళ్ళాడు. ఆ పదకొండింటిలో పోయింది తర్వాతివాళ్ళ దగ్గర రాబట్టాలి. మణికట్టు ఇంకాస్త వంచింది. ప్లేట్లు ఆగాయి, మాటలు పడ్డాయి. ఒకతను ఆమె తల్లి పేరు చెప్పి నేలమీద ఉమ్మాడు. ఆమె గుండిగలోకి చూస్తూ లెక్క పెట్టుకుంటోంది. నూట ముప్పై. నూట యాభై.

మూటలవాళ్ళు గుమ్మంలో ఆగారు. ఉందో లేదో తెలియక ప్లేట్లు వీపు వెనక పట్టుకున్నారు. చిన్నక్క గరిటెతో గుండిగ అంచు మీద కొట్టింది. ఒక్కొక్కరే వచ్చారు. ఎవరూ పలకరించలేదు. ముప్పై నాలుగు ప్లేట్లు వెళ్ళాయి.

ఆఖరున తువ్వాలు చుట్టుకున్న పెద్ద మూటలామె. చిన్నక్క గుండిగని రెండు చేతులా ఎత్తి పక్కకి వంచి, గోడలకి అంటుకున్నది కూడా గీరి గరిటెలోకి తెచ్చింది. గరిటె ముప్పావు దాకా వచ్చింది. మూటలామె దాన్ని చూసింది, ముందు వెళ్ళినవాళ్ళ ప్లేట్ల వైపు చూసింది.

"నిన్న లేదన్నావు. ఇవాళ ఇంత. మిగిలింది ఏ మూల దాచావో." పళ్ళ సందున నవ్వింది. "ఎంతైనా దాని కూతురివే."

"అవును," అంది చిన్నక్క. "ప్లేటు పట్టు."